మంగళవారం పదింటికి సక్సెస్!

యూనివర్సిటీలు పాఠాలు చెప్పడం మానేసినా నాకేం అభ్యంతరం లేదు. అలర్టులు పంపడం మాత్రం ఆపకూడదు!

తొందరపడి తిట్టుకోకండి, పూర్తిగా వినండి. పిల్లలు చదువులో వెనకబడుతున్నారని ముందే పసిగట్టి ఫోనుకు ఎర్ర చుక్క పంపే ఏర్పాటు ఒకటి వచ్చింది. దాన్ని ‘ఎర్లీ అలర్ట్’ అంటారు. ఎర్ర చుక్క రాగానే విద్యార్థి ‘సక్సెస్ సెంటర్’ అనే ఆఫీసుకు వెళ్ళాలి. అక్కడ అడ్వైజర్ ఉంటారు, సలహా ఇస్తారు. చుక్క పచ్చబడుతుంది. ఇంతకన్నా ఏం కావాలండీ?

మా చదువుల రోజుల్లో మేం వెనకబడ్డామని మాకు తెలిసేది పరీక్ష పోయాకే. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు కాబట్టి నిశ్చింతగా ఒకసారి ఏడ్చి ఊరుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు ఆ ఏడుపు మూడో వారంలోనే మొదలవుతుంది. అభివృద్ధి అంటే ఏమిటని అడిగేవాళ్ళకు ఇది చూపించండి.

ఆ సిస్టమ్ కంటికి కనపడనిది లేదు. లైబ్రరీకి వెళ్ళకపోతే ‘ఆసక్తి తగ్గింది’ అని అలర్టు. రోజూ వెళితే ‘స్నేహితులు లేరేమో’ అని అలర్టు. పాఠాల వెబ్‌సైటు తెరవకపోతే పసుపు చుక్క, తెరిచి కదలకుండా కూర్చుంటే ‘నిద్రపోయి ఉండవచ్చు’ అని ఇంకో పసుపు చుక్క! మా ఎదురింటి కుర్రాడు ఈ కిటుకు తొందరగానే కనిపెట్టాడు. పొద్దున్నే లాగిన్ అయి, ఫోను అమ్మమ్మ చేతిలో పెట్టి ముసుగు తన్నుతాడు. ఆవిడ ఐదేసి నిమిషాలకోసారి తెర మీద వేలు పెట్టి పాఠాన్ని పైకి తోస్తూ ఉంటుంది. వాడి రికార్డు ఏడాదంతా పచ్చగా ఉంది. న్యాయంగా అయితే కెమిస్ట్రీ డిగ్రీ ఆవిడకే ఇవ్వాలి.

ఇలాంటి సిస్టమ్ సంసారాలకు కూడా పెడితే ఎంత బాగుంటుందో ఆలోచించారా? మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నా మాటలకు ఊ కొడుతున్నప్పుడు ‘వినడం లేదు’ అని ఓ ఎర్ర చుక్క వెలిగితే, ఇన్నేళ్ళుగా నేను గోడకు చెప్పుకున్న కబుర్లన్నీ ఎంత ఆదా అయ్యేవి!

సరే, అసలు విషయానికి వస్తాను. ఈ సిస్టమ్ గొప్పతనం నేను ఎవరో చెబితే విని రాయడం లేదు. మా ఇంట్లో జరిగింది.

మా అక్క కూతురు మా ఇంట్లోనే ఉండి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. దాన్ని అందరం ముంగి అంటాం. పేరు పెట్టింది నేనే. అడిగితే తప్ప నోరు విప్పదు, అడిగినా సగం మాటే చెబుతుంది. స్టాటిస్టిక్స్ చదవాలని దాని పట్టుదల. ఆరేళ్ళ వయసులోనే బాల్కనీలో నిలబడి, ఎదురింటి మెట్లు గంటలో ఎంతమంది ఎక్కారో, ఎంతమంది దిగారో చాక్‌పీసుతో గీతలు గీసి లెక్కపెట్టిన ఘనత దానిది. అయితే అక్కడ ఒక నియమం ఉంది. మొదటి సంవత్సరం మ్యాథ్స్ పోయిందా, స్టాటిస్టిక్స్ సీటు పోయినట్టే. ఖాళీ ఉన్న వేరే ఏదో గ్రూపులో సర్దేస్తారు.

మూడో వారంలో మ్యాథ్స్ టెస్టు పెట్టారు. ఇరవైకి నాలుగు మార్కులు వచ్చాయి. మర్నాడే ఎర్ర చుక్క! దాని ఫోనుకే కాదు, గార్డియన్ని కాబట్టి నా ఫోనుకు కూడా. ‘ప్రియమైన విద్యార్థీ, మీ విజయమే మా లక్ష్యం. మంగళవారం పది గంటలకు అడ్వైజర్‌ను కలవండి.’

ముంగి ఆ మెసేజి చూసి గొణిగింది. “పిన్నీ, మంగళవారం పదింటికే నాకు మ్యాథ్స్ క్లాసు. కొత్త పాఠం ఆ రోజే చెబుతారు.”

నేనేమన్నానో దాచకుండా రాస్తున్నాను. “పెద్దవాళ్ళు పనిగట్టుకుని పిలిస్తే క్లాసంటావేంటే? క్లాసు ఎక్కడికి పోతుంది? ముందు వెళ్ళిరా.”

మంగళవారం పదింటికే ఎందుకు పెట్టారని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది, తర్వాత కనుక్కున్నాను. మ్యాథ్స్‌లో వెనకబడ్డ పిల్లలందరూ కచ్చితంగా క్యాంపస్‌లో దొరికే టైము ఏదా అని సిస్టమ్ తెగ వెతికిందట. లక్షల లెక్కలు వేసి చివరికి కనిపెట్టిందట. మంగళవారం పది నుంచి పన్నెండు! ఎందుకు దొరకరండీ? అప్పుడే కదా వాళ్ళకు మ్యాథ్స్ క్లాసు!

ముంగి వెళ్ళింది. మొదటి అడ్వైజర్‌కు ఏడువందల మంది పిల్లలు, తలకు ఎనిమిది నిమిషాలు. పాపం ఆయన మంచివాడే. “సార్, ఈ టైములో నాకు క్లాసు...” అని ఇది మొదలుపెడితే, “చూశావా, అందుకే టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకోవాలి” అని రంగురంగుల టైమ్‌టేబుల్ కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. ‘మాట్లాడాము, స్పందన బాగుంది’ అని రాసుకుని కేసు మూసేశాడు. మూడు రోజుల్లో మూయకపోతే ఆయన పేరు పక్కన కూడా ఎర్ర చుక్క పడుతుందట మరి.

ఆ సాయంత్రం కొత్త అలర్టు వచ్చింది. ‘మీరు ఈ రోజు మ్యాథ్స్ తరగతికి హాజరు కాలేదు. వచ్చే మంగళవారం పది గంటలకు అడ్వైజర్‌ను కలవండి.’

అర్థమైంది కదా? మ్యాథ్స్ క్లాసుకు ఎందుకు రాలేదో చెప్పడానికి అది మ్యాథ్స్ క్లాసు మానేసి వెళ్ళింది. మానేసింది కాబట్టి ఇంకో అలర్టు వచ్చింది. దానికి సంజాయిషీ చెప్పడానికి ఇంకో మంగళవారం మానేసింది. పోనీ అడ్వైజర్ దగ్గరికి వెళ్ళడం మానేసి క్లాసుకు వెళితే? ‘సహాయం నిరాకరిస్తున్నారు’ అని ముదురు ఎరుపు. అది వస్తే డైరెక్టర్ దాకా పోతుందట. మా అక్క కూతురు డైరెక్టర్ దాకా పోవడమా? చచ్చినా ఒప్పుకుంటానా?

ఇందులో ఇంకో సదుపాయం కూడా ఉంది. ఏ వారానికి ఆ వారం ఏ అడ్వైజర్ ఖాళీగా ఉంటే వాళ్ళ దగ్గరికి పంపుతారు. పాత కేసు మూసేశారు కాబట్టి అది కనపడదు. ప్రతివాళ్ళకూ కొత్త పెళ్ళికూతురిని చూసినట్టే! రెండో అడ్వైజర్ ఎనిమిది గంటలు నిద్రపొమ్మన్నారు. మూడో ఆవిడ నీళ్ళు బాగా తాగమన్నారు. నాలుగో ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, “ఐదేళ్ళ తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావు?” అని అడిగారట. ఈ కుర్చీలోనే అని చెబుదామనుకుందట మా ముంగి. మర్యాద కాదని ఊరుకుంది.

ఈ నెల రోజులూ నేనేం చేస్తున్నానంటారా? భోజనాల దగ్గర కూర్చోగానే “అలర్టు వచ్చిందా? వెళ్ళొచ్చావా? పచ్చబడిందా?” అని అడుగుతున్నాను. పచ్చబడింది పిన్నీ అంటే తృప్తిగా మజ్జిగ పోస్తున్నాను. అది కంచంలో మెతుకులు లెక్కపెడుతుంటే డైటింగేమో అనుకున్నాను. క్లాసులో ఏం చెప్పారు, నీకేం అర్థం కావడం లేదు అని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. అడగడానికి అక్కడ ఇంత పెద్ద ఆఫీసు ఉండగా నేనెందుకు?

ఐదో మంగళవారం వచ్చింది. సక్సెస్ సెంటర్ గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, వచ్చినవాళ్ళకు ప్లాస్టిక్ టోకెన్లు ఇచ్చే ఆవిడ ఒకరున్నారు. పిల్లలు టోకెన్ ఆంటీ అంటారు. ఏదో ఏజెన్సీ తరఫున పనిచేసే మనిషి. ఆవిడ ముంగికి టోకెను ఇచ్చి, నంబరు రాసుకుని, తలెత్తి చూసింది.

“ఏమ్మాయ్, నెల్రోజుల బట్టి చూస్తున్నా. ప్రతి మంగళవారం సరిగ్గా ఇదే టైముకొస్తావు. ఈ టైములో నీకు క్లాసుండదా?”

“ఉంటుందాంటీ. మ్యాథ్స్.”

“మరి ఇక్కడికెందుకొచ్చావు?”

“మ్యాథ్స్ క్లాసుకి రావట్లేదని పిలిచారాంటీ.”

ఆవిడ చెయ్యి చాపిందట. “ఆ టోకెనిలా ఇచ్చెయ్. క్లాసుకి పో” అంది. అప్పుడు మా ముంగి ఏడ్చింది. నాలుగు పాఠాలు పోయాయనీ, ఇప్పుడు లోపలికి వెళితే అందరూ తనవైపే చూస్తారనీ, సీటు పోతుందనీ, ఇంట్లో చెబితే పిన్ని తిడుతుందనీ. నాకు తెలిసి అది పుట్టాక ఒక్క దమ్మున అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. నాతో కాదు లెండి, టోకెన్లిచ్చే ఆవిడతో.

ఆవిడ స్టూలు మీంచి లేచి, దాని చెయ్యి పట్టుకుని, రెండు బిల్డింగులు దాటించి, మూడో అంతస్తు ఎక్కించి, నడుస్తున్న క్లాసు తలుపు కొట్టింది.

మ్యాథ్స్ మాస్టారు తలుపు తీసి, “ఎవరండీ మీరు?” అన్నారు.

“సక్సెస్ సెంటర్లో టోకెన్లిచ్చేదాన్నండి. ఈ పిల్ల మీ పాఠం టైముకి నెలనించీ మా గుమ్మం దగ్గరే ఉంటోందండి. మీకిద్దామని తీసుకొచ్చాను.”

మాస్టారు తెల్లబోయారు. “అలర్టు పెట్టాను కదమ్మా, వాళ్ళు చూసుకుంటున్నారనుకున్నాను” అన్నారు. అక్కడ అడ్వైజర్లేమో పాఠం సంగతి మాస్టారు చూసుకుంటారనుకున్నారు. నేను ఇద్దరూ చూసుకుంటారనుకున్నాను. ఇంతమందిమి ఇంత నమ్మకంగా చూసుకున్న పిల్ల ఇంకోటి ఉండదు!

మాస్టారు మంచి మనిషి. పోయిన పాఠాలు మధ్యాహ్నం భోజనం గంటలో మూడు వారాలు కూర్చోబెట్టి చెప్పారు. ఏడాది చివరి పరీక్షలో ముంగికి మ్యాథ్స్‌లో వందకు యాభై రెండు వచ్చాయి. సీటు నిలబడింది.

చూశారా సిస్టమ్ మహిమ? నేనంటే మీరు నమ్మకపోవచ్చు, వాళ్ళ రిపోర్టే చెబుతోంది. ‘ఐదుసార్లు అడ్వైజింగ్ పొందిన విద్యార్థిని, నాలుగు మార్కుల నుంచి యాభై రెండుకు!’ ఐదోసారి లోపలికే వెళ్ళలేదు కదా అంటారేమో. టోకెను ఇచ్చినట్టు రికార్డయింది కాబట్టి సలహా కూడా ఇచ్చినట్టే. దాంతో ముంగిని ఆ ఏడాది విజయగాథగా ఎంపిక చేసి సభ పెట్టారు. నన్ను కూడా పిలిచారు. నేను మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను.

ఆ రిపోర్టులోనే వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంది. ఫలానా మంగళవారం టోకెన్ల దగ్గర మనిషి లేక ఇరవై ఐదు నిమిషాలు క్యూ ఆగిపోయింది. అడ్వైజర్లందరికీ ఒకేసారి ఎర్ర చుక్కలు పడ్డాయి. కారణం విచారించి, తగిన చర్య తీసుకుని, ఆ స్థానంలో టోకెన్ మిషన్ పెట్టారు. మిషన్ స్టూలు మీంచి లేచిపోదు కదా! ఇంత చక్కటి నిర్ణయాన్ని ఎవరు కాదనగలరు?

సభలో డైరెక్టర్ గారు తెర మీద ముంగి గ్రాఫ్ చూపించారు. ఎరుపు, పసుపు, పచ్చ. చప్పట్లు. తర్వాత ముంగిని స్టేజి మీదకు పిలిచి, తన సక్సెస్ గురించి రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. అది నోరు విప్పితే కదా!

“నమస్కారమండీ. గుమ్మం దగ్గర టోకెన్లిచ్చే ఆంటీ కనపడట్లేదు. ఎక్కడికి పంపించేశారండీ?”

డైరెక్టర్ గారు నవ్వారు. “ఇప్పుడు మిషన్ వచ్చిందమ్మా. ఇంకా ఫాస్ట్. నువ్వు నీ సక్సెస్ గురించి చెప్పు.”

“అదే చెబుతున్నానండీ. ఆవిడెక్కడున్నారు?”

డైరెక్టర్ గారు మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, పక్కనున్న డిప్యూటీని “ఆవిడ పేరేంటయ్యా?” అని అడిగారు. డిప్యూటీ అడ్వైజర్ల వైపు చూశాడు. అడ్వైజర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రోజూ ఆవిడ పక్కనుంచే లోపలికి వెళ్ళినవాళ్ళు! వాళ్ళననడం ఎందుకు? దాని సీటు నిలబెట్టిన మనిషి కథ ఇంతసేపు మీకు చెప్పిన నేను కూడా అప్పటిదాకా ఆవిడ పేరు కనుక్కోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

“నేనడిగి తెలుసుకున్నానండీ” అని ముంగి మైకులో ఆ పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. చెప్పి ఊరుకోలేదు. ఎక్కడున్నారని మూడోసారి అడిగింది.

ఈసారి నేను కూడా లేచి నిలబడి అడిగాను.