రాజుగారి కుడి మోకాలు

ఏడు సంపుటాలకు తక్కువైన పుస్తకాన్ని గడప దాటనివ్వకండి! నూరు పేజీల్లో ముగిసిపోయే నవల కాపురానికి చేటు. పుస్తకమంటే డ్రాగన్లుండాలి, డజను రాజవంశాలుండాలి, మొదటి సంపుటం అయిపోయేదాకా ఎవరు ఎవరికి ఏమవుతారో అంతుపట్టకూడదు. అలాంటి సిరీస్ ఒకటున్న ఇల్లు చల్లగా ఉంటుంది.

నవ్వుతున్నారా? అయితే లాల్‌దర్వాజా సోమయ్య సంగతి వినండి.

సోమయ్యది తాళాలు, గొళ్ళేలు అమ్మే చిన్న కొట్టు. పగలంతా కొట్టుకొచ్చిన గిరాకీ మాట్లాడుతుంది, ఆయన వింటాడు. సాయంత్రం ఇంట్లో టీవీ మాట్లాడుతుంది, అదీ వింటాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన మొదలుపెట్టిన వాక్యం చివరిదాకా నడిచిన దాఖలా లేదు. "ఇయ్యాల ఏమైందంటే" అనేసరికి భార్య నాగమణమ్మకు పొయ్యి మీద ఏదో ఒకటి పొంగేది.

అలాంటి మనిషి అఫ్జల్‌గంజ్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల కుప్పలో, తెలుగులోకి దించిన ఏడు సంపుటాల ఫాంటసీ చూసి, ఆటోలో వేసుకొచ్చాడు. మేడ మెట్ల దగ్గర దించి, కొట్టుకు టైమైందని వెళ్ళిపోయాడు. నాగమణమ్మే ఒక్కొక్కటీ పైకి మోసింది.

ఆ వారమే టీవీ చెడిపోయింది. దేవుడి దయ అంటే ఇదే కదా!

మేడ మీద సోమయ్య పైకి చదవడం మొదలుపెట్టాడు. గోరుచిక్కుడు తుంచుకుంటూ నాగమణమ్మ కూర్చుంది. రెండో రోజుకు పిట్టగోడ అవతలి నుంచి పక్కింటి సుగ్రా కూడా వచ్చి చేరింది. సోమయ్యకు తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. యుద్ధం వస్తే గొంతు పెంచేవాడు. డ్రాగన్ వస్తే ముందుగా ఒకసారి దగ్గేవాడు. రాజ్యం ఏమైపోతేనేం, తన మాట ఇద్దరు మనుషులు కదలకుండా వింటున్నారు!

ఐదో సంపుటంలో గండం వచ్చింది. యువరాజు కెల్వార్‌కూ ఇసోరాకూ పెళ్ళి ముహూర్తం పెట్టారు. నాగమణమ్మ చేతిలో చిక్కుడు ఆగింది.

"ఆగు. ఈ పిల్ల తల్లి, ఆ పిల్లగాని తల్లి మంచుకోట అక్కచెల్లెండ్లు గాదా? రెండో బుక్కుల చదివినవు."

"అవును. అయితే?"

"అయితే ఏంది. ఇద్దరు అన్నచెల్లెండ్లు అయితరు. లగ్గమెట్ల చేస్తరు?"

రాసినాయన మరిచిపోయి ఉండొచ్చు. ఐదు గల్లీల చుట్టరికాలు నోటికున్న నాగమణమ్మ మరిచిపోతుందా?

"మాలో చేస్తరక్కా," అంది సుగ్రా. "మా ఆయన నాకు ఖాలా కొడుకే. మా అమ్మ సొంత చెల్లె కొడుకు."

"మీల చేస్తరు, నేను కాదన్ననా. గీ పిల్లగాడు మీవోడా?"

"కాదు."

"మరి?"

"డ్రాగన్ మీద తిరిగెటోడు."

"డ్రాగన్ ఎక్కితే వరసలు పోతయా? గిసుంటి కథ నేను వినను." నాగమణమ్మ చాట ఎత్తుకుని లేచింది.

సోమయ్య చాట వంక చూశాడు. చాట వెళితే శ్రోత వెళుతుంది. రేపటి నుంచి మళ్ళీ గిరాకీ మాటలు, పొయ్యి పొంగులు. ఆయన కళ్ళు పేజీ మీదే ఉంచి, పేజీలో లేనిది చదివాడు. "కూసో, కింద ఇంకో లైనున్నది. ఇసోరా ఆ తల్లి కన్నబిడ్డ కాదట. వాగుల కొట్టుకొస్తే సాదుకున్నరట."

"గట్లనా," అని నాగమణమ్మ కూర్చుంది. "ముందుగాల చెప్పొద్దా."

పెళ్ళి జరిగిపోయింది! సోమయ్యకు ధైర్యమూ వచ్చింది. అచ్చులో ఉన్నదనుకుంటే ఏదైనా వింటారన్నమాట. మరునాడు బోర్దాన్ మహారాజు సైన్యం, వారానికి నాలుగు రోజులు బీరకాయ వండుతున్నారని తిరగబడింది. ఆ మర్నాడు రాజసభలో చాయలో చక్కెర గురించి వాదన జరిగి, ఇంకో అర చెంచా ఖాయమైంది. డ్రాగన్లు కూడా ఏకగ్రీవంగా మద్దతిచ్చాయి. సుగ్రా దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. నాగమణమ్మ మాత్రం చిక్కుడు తుంచుతూనే ఉంది.

ఏడో సంపుటం చివరికొచ్చింది. ఇక వాయిదా వేయడానికి పేజీలు లేవు. సోమయ్య గొంతు తగ్గించి చదివాడు. "మహారాజుకు మోకాలు నొస్తున్నది. సింహాసనం మెట్లెక్కుడు చాతనైతలేదు. ఎవ్వలకు చెప్పలేదు. చెప్పబోతే వినెటోళ్ళు లేరు."

"ఏ మోకాలు?" అంది నాగమణమ్మ.

"కుడిది."

"ఎప్పటి సంది?"

"పోయిన బోనాలప్పటి సంది."

నాగమణమ్మ చాట పక్కన పెట్టింది.

"వాళ్ళకు గూడ బోనాలుంటయా భాయ్?" అంది సుగ్రా, ఎంతో అమాయకంగా.

నాగమణమ్మ కిందికెళ్ళి నూనె సీసా తెచ్చి, తెరిచిన పుస్తకం మీద పెట్టింది. "ఆ రాజుకు చెప్పు. గిది రాసుకొమ్మను. రేపు దవాఖానకు పోదామను."

చూశారా? ఒక మగవాడు కట్టుకున్న భార్యకు మోకాలు నొప్పి అని చెప్పుకోవడానికి కేవలం ఏడు సంపుటాలు! ఇంతకంటే దగ్గరి దారి ఎవరికైనా తెలుసా? మాటకు కిరీటం పెట్టండి, ఇల్లంతా చెవులవుతుంది. కథ ఇక్కడ ఆపేస్తే నా వాదన నెగ్గేది.

కానీ నాగమణమ్మ నడుముకు చేయి ఆనించి, మెల్లగా కూర్చుంటూ అడిగింది.

"అవునయ్యా, ఈ బుక్కులు మేడెక్కించిన కాడి నుంచి రాణికి నడుము పట్టేసింది. గది యాడన్న రాసిండ్రా?"

సోమయ్య నాలుగు పేజీలు ముందుకు తిప్పాడు. నాలుగు వెనక్కి తిప్పాడు. అన్ని రాజవంశాల్లో, అన్ని యుద్ధాల్లో, తాను సొంతంగా చేర్చిన వాటిలో కూడా, రాణి నడుము గురించి ఒక్క లైను లేదు.

అందుకని నా మొదటి మాట సవరించుకుంటున్నాను. ఏడు సంపుటాలు చాలవు.