పెడన బల్ల మీద వెంట్రుకవాసి యుద్ధం

"మళ్ళీ తప్పింది!"

ఆ సింహగర్జనకు పెడన అద్దకపుశాల దద్దరిల్లింది. పంతొమ్మిది వందల ముప్పైల నాటి ఒకానొక వైశాఖ మధ్యాహ్నాన, బందరు దాటి వచ్చిన ఉప్పుగాలి ఆరేసిన గుడ్డలతో మల్లయుద్ధం చేస్తుండగా, కరక్కాయ కషాయంలో స్నానమాడి పసుపువన్నె తేరిన వస్త్రరాజం ఎదుట, భూతద్దమనే దివ్యాయుధాన్ని ధరించి నిలిచాడు సూక్ష్మదోషసంహారి, అద్దకపరీక్షాధురంధరుడు శేషాచలం. గుడ్డ మీద అచ్చు సరిగ్గా పడిందో లేదో చూడడమే ఆయన కొలువు.

అంచు వెంట మామిడిపిందెల వరస. ఒక్కో పిందె తొడిమ పక్కదాని తోకను ముట్టుకోవాలి. ముట్టుకోవడం లేదు. నడుమ వెంట్రుకవాసి ఖాళీ!

"పొద్దుగూకేలోగా ఈ చివరి తాను బందరు రేవుకి వెళ్ళాలి," అన్నాడు యజమాని బసవపున్నయ్య. "తప్పు ఎక్కడుందో తేలకపోతే, పిచ్చేశ్వరరావూ, రేపణ్ణించి నువ్వు రానక్కర్లేదు."

అచ్చులు వేసే పిచ్చేశ్వరరావు చేతిలోని టేకు అచ్చును గదలా పైకెత్తాడు. "ఈ బాహువు వణికిందని రుజువైతే, ఈ చేత్తో మళ్ళీ అన్నం కలపను!"

"అంటే నన్ను కలిపి పెట్టమంటావన్నమాట," అంది రంగుబాన దగ్గర్నుంచి అతని భార్య ధనమ్మ.

శేషాచలం చెయ్యెత్తాడు. "ఆగండి బసవపున్నయ్యగారూ! దోషి దొరక్కుండా మనిషిని పంపడం నా అద్దానికి అవమానం. వాడు నా తోడబుట్టినవాడైనా సరే, పేరు పెట్టి పిలుస్తాను!"

దండయాత్ర మొదలైంది. అచ్చును కడిగించి చూశాడు, అంచు అరగలేదు. కిటికీలు మూయించి సముద్రగాలిని చెరబట్టాడు, తప్పు ఆగలేదు. బల్ల కింద దూరి నాలుగు కాళ్ళనూ విచారించాడు. అవి నిశ్చలచిత్తంతో నిలబడ్డాయి. ఇక మిగిలింది పిచ్చేశ్వరరావు చెయ్యే. దాన్ని కనిపెట్టడానికి బల్ల చివర నిలబడి, అద్దం ఎత్తి, గుడ్డ మీదకు వంగాడు. అచ్చు దిగింది. తప్పింది! ఇంకాస్త వంగాడు. ఇంకాస్త తప్పింది!

"ఇక చాలు," అన్నాడు బసవపున్నయ్య. "అచ్చు కింద పెట్టవయ్యా."

వీరుడి చెయ్యి వాలిపోయింది.

"అయ్యగారూ," అంది ధనమ్మ శేషాచలంతో, రంగు కలిపే కర్ర ఆపి. "మా ఆయన అద్దింది గుడ్డకి గదండీ. మీ చొక్కాకి పిందె ఎప్పుడు కాసిందండీ?"

శేషాచలం తల వంచాడు. తెల్లచొక్కా మీద, బొజ్జ శిఖరాగ్రాన, ఆరని నల్లరంగుతో తిరగబడిన మామిడిపిందె! ధనమ్మకి అది వట్టి మరక. ఆయనకి సాక్ష్యం. కండువా కాస్త సర్దుకుంటే పరువు దక్కేది. కానీ వెంట్రుకవాసి తప్పును ఏనాడూ పాస్ చెయ్యని ఆ కన్ను తన తప్పును మాత్రం ఎలా వదులుతుంది?

గుడ్డను సర్దించి, నాలుగడుగులు వెనక్కి వేశాడు. "ఇప్పుడు వెయ్యవయ్యా."

అచ్చు దిగింది. అహో! యుగయుగాల ఎడబాటు తీరినట్టు, తొడిమ వెళ్ళి తోకను ముద్దాడింది!

బసవపున్నయ్య గుడ్డకి ముక్కు ఆనించి చూశాడు. "కలిసిందిరోయ్! మరి ఇందాకటి దొంగ ఎవడండీ?"

శేషాచలం భూతద్దాన్ని ఖడ్గంలా దించి, తన నడుముకే గురిపెట్టి, శాలంతా ప్రతిధ్వనించేలా ప్రకటించాడు:

"నేను వంగినప్పుడల్లా గుడ్డని లాగింది ఇదేనండీ. నా బొజ్జ!"