పక్కన పెట్టిన బ్యాటరీ

ఆ శనివారం పొద్దున బర్నబాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, వీధి తలుపు అడుగున వేలెడు మేర కోయాలి, మళ్ళీ బిగించి, భోంచేసి కునుకు తియ్యాలి. తొంభై నాలుగులో తెనాలిని ముంచెత్తిన వానలకు ఆ తలుపు ఉబ్బి, గచ్చును పట్టుకుని కదలనని మొండికేసింది. వారం నుంచి ఇంటికి ఎవరొచ్చినా పెరటి దారిన, గేదె తోక దెబ్బలు కాచుకుంటూ, వంటింట్లోంచే రావాల్సి వస్తోంది.

మామూలు రోజుల్లో అయితే సర్దుకుపోవచ్చు. ఆ సాయంత్రం వాళ్ళింట్లో ప్రార్థన కూటం. రేపల్లె నుంచి పాస్టరు అయ్యగారు వస్తున్నారు. కిందటి నెల కూటం పుష్పలత ఇంట్లో జరిగింది. ఆమె కట్టిన కొత్త కర్టెన్ల గురించి సంఘమంతా ఇంకా చెప్పుకుంటూనే ఉంది. అలాంటి పుష్పలతను గేదె పక్కనుంచి నడిపించి తీసుకురావడం కన్నా ఊరొదిలి పోవడం మేలని బర్నబాస్ భార్య రూతు తేల్చి చెప్పింది. పిలుద్దామంటే వడ్రంగి సుందరయ్య పడవల పని మీద నిజాంపట్నం వెళ్ళి కూర్చున్నాడు.

"నేను లేనా?" అన్నాడు బర్నబాస్. రూతుకు అసలు బెంగ అప్పుడు మొదలైంది.

అతని ధైర్యమంతా కొత్త రంపాన్ని చూసుకుని. రూతు తమ్ముడు సామ్యేలు మస్కట్ నుంచి సెలవు మీద వస్తూ తెచ్చాడు. పళ్ళ చక్రం గిర్రున తిరిగి చెక్క కోస్తుంది, వైరు మాత్రం ఉండదు. శుక్రవారం బర్నబాస్ ఆఫీసులో ఉండగా సామ్యేలే దానికి చార్జింగు పెట్టి, సాయంత్రం వాళ్ళమ్మను చూడ్డానికి బాపట్ల బయల్దేరాడు. సాగనంపడానికి వచ్చిన బావకు స్టేషనులో జాగ్రత్తలన్నీ అప్పజెప్పాడు. చెక్కను చేత్తో పట్టుకోకూడదు, తాడుతో బిగించాలి. చక్రం చెక్క దాటి గింజంత దిగితే చాలు, ఆ లోతు ముందే సరిచూసుకోవాలి. కింద ఏముందో చూసుకోవాలి. రైలు కదిలాక కిటికీలోంచి చివరి మాట అరిచి చెప్పాడు.

"చక్రం దగ్గర చెయ్యి పెట్టేముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టు బావా. మర్చిపోకు."

బర్నబాస్‌కు బ్యాటరీ అంటే ఒకటే తెలుసు. కరెంటు పోయినప్పుడు వెతుక్కునే టార్చిలైటు. అదెందుకని ఒక్క క్షణం అనుమానం వచ్చినా, అడిగితే లోకువైపోతానని చెయ్యి ఊపి ఊరుకున్నాడు. పైగా అతను కరెంటాఫీసులో గుమాస్తా. వైరు లేనిచోట కరెంటు ఉండదని బల్లగుద్ది చెప్పగలడు. రంపం కింద ఉన్న నల్లటి దిమ్మె అది నిలబడటానికి పెట్టిన పీట అని కూడా తనకు తానే తేల్చుకున్నాడు.

రూతు బజారుకు వెళ్ళగానే తలుపు ఊడదీశాడు. కోయడానికి ఎత్తు కావాలి గనక దాన్ని భోజనాల బల్ల మీదికి చేర్చాడు. అది రూతు వాళ్ళ నాన్న చీరాలలో చేయించి ఇచ్చిన టేకు బల్ల. గీత పడకూడదని సాయంత్రానికి కొన్న కొత్త దుప్పటి కింద పరిచాడు. తలుపును తాడుతో బల్లకు బిగించాడు. తలగడ పక్కనుంచి టార్చిలైటు తీసుకొచ్చి, ఎంతో భక్తిగా పక్కన పెట్టాడు.

ఇక లోతు సరిచేద్దామని చక్రం వైపు చెయ్యి చాచాడు. రెండో చేతి వేలు మీటకు తగిలింది. రంపం ఒక్క అరుపు అరిచి, వేలాడుతున్న దుప్పటి అంచును చుట్టుకుని, మూలిగి ఆగిపోయింది. బర్నబాస్ గోడకు అతుక్కుపోయాడు. వేళ్ళు చూసుకున్నాడు, ఉన్నాయి. బ్యాటరీ వంక చూశాడు, అదీ పక్కనే ఉంది. మరి ఎందుకిలా జరిగింది? ఆలోచించగా తట్టింది. బ్యాటరీ పక్కనే ఉంది గానీ సెల్లులు ఇంకా అందులోనే ఉన్నాయి. వాటిని కూడా తీసి కిటికీలో పెట్టాడు. ఇప్పుడు పూర్తి నిశ్చింతగా చక్రంలో చిక్కిన గుడ్డ లాగేశాడు. దేవుడు దయగలవాడు గనక ఈసారి వేలు మీటను తాకలేదు.

ఆ కంగారులో లోతు సంగతి మరుగున పడింది. కోత మాత్రం వెన్న కోసినట్టు సాగింది. చివర్న దబ్బున ఒక ముక్క పడింది, దాని వెంటే రెండోది. మొదటిది తలుపుది. రెండోది మామగారి బల్లది.

ఆపసోపాలు పడి తలుపు బిగిస్తే అది ఇంకా గచ్చును పట్టుకునే ఉంది. కోసింది అడుగు కాదు, తల. మళ్ళీ ఊడదీసి, బల్ల అటు చివర పెట్టి, అడుగు కోశాడు. తలుపు ఇప్పుడు చక్కగా ఆడింది, పైనా కిందా బోలెడంత సందుతో. బల్ల కూడా రెండు వైపులా సమానంగా కురచైంది.

రూతు వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. సంచీ కింద పడేసి ముందు అతని రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది. ఆ తర్వాతే బల్ల వైపు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చీవాట్లు పెట్టి ఉంటే బావుండేదనిపించింది బర్నబాస్‌కు.

"మధ్యలో ఈ బ్యాటరీ ఏంటండీ?" అంది కాసేపటికి.

"మీ తమ్ముడే పెట్టుకోమన్నాడు."

సాయంత్రం బాపట్ల రైలు దిగి వచ్చిన సామ్యేలు అంతా విన్నాడు. రంపం కింది పీటను టక్కున ఊడదీసి, "బ్యాటరీ అంటే ఇది బావా" అని చూపించి మళ్ళీ బిగించాడు. బర్నబాస్ తన పది వేళ్ళూ మరోసారి లెక్కపెట్టుకున్నాడు. ఈ పాఠం చచ్చేదాకా మర్చిపోకూడదనుకున్నాడు.

కూటం మొదలైంది. జల్లు కొడుతోందని తలుపూ కిటికీలూ మూశారు. నాలుగు మాటలు కాకముందే కరెంటు పోయింది.

"బర్నబాసూ, ఆ బ్యాటరీ ఇలా ఇవ్వు నాయనా" అన్నారు అయ్యగారు.

బర్నబాస్ తడుముకుంటూ వెళ్ళి, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే టక్కున ఊడదీసి తెచ్చి, ఆయన చేతిలో పెట్టాడు. అయ్యగారు దాన్ని చీకట్లో అన్ని వైపులా తడిమి, దీని మీట ఎక్కడుందని నెమ్మదిగా అడిగారు. సామ్యేలుకు దగ్గు తెర వచ్చింది. టార్చిలైటు సెల్లులేమో మూసిన కిటికీ అవతల వానకు నానుతున్నాయి. రూతు కొవ్వొత్తి వెలిగించింది.

ఫ్యాను లేక, అన్నీ మూసిన గదిలో అంతమందికీ ఉక్కపోయాల్సింది. పోయలేదు. తలుపు పైనుంచీ కిందనుంచీ చల్లటి వానగాలి వస్తూనే ఉంది. ప్రార్థన అయ్యాక పుష్పలత లేచి వెళ్ళి తలుపును పైకీ కిందికీ చూసింది.

"గాలికి సందులు పెట్టించావా వదినా? మా ఇంట్లో అందరూ ఉడికిపోయారు ఆ రోజు. ఎవరు చేశారేంటి?"

రూతు మొగుడి వంక చూసింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె మొహంలో నవ్వు కదిలింది.

"ఇంకెవరు, మా ఆయనే."

"అన్నయ్యగారూ, వచ్చే వారం మా తలుపులు కూడా చేసిపెట్టాలండి" అంది పుష్పలత. సంఘంలో ఇంకో ముగ్గురు తమ తలుపుల సంగతి కూడా ఎత్తారు. బర్నబాస్ ఓరకంట బల్ల వైపు చూశాడు.

"తప్పకుండా వస్తారు వదినా" అంది రూతు. "ముందు మీ భోజనాల బల్ల అవతల పెట్టించెయ్."

అప్పటి నుంచి బర్నబాస్ రంపం మీద చెయ్యి వెయ్యాలంటే ముందు రెండు బ్యాటరీలూ తీసి పక్కన పెడతాడు.