బావగారూ, కాస్త ఆగండి

ఆ ఆదివారం పొద్దున గడియారాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. చదరంగం పోటీలో బావగారి మీద ఒక్క ఆట గెలవడం, ఇంటికొచ్చి హాయిగా పడుకోవడం. గడియారాలు బాగుచేసే మనిషి కాబట్టి వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. బంధువులు మాత్రం ‘దాదాపు’ అంటారు.

ఆ పేరు పెట్టింది బావగారే, అంటే భార్యకు అన్నగారు. ప్రతి పోటీలోనూ గడియారాలాయన చక్కగా పైచేయి సాధించి, ఇక గెలిచేశానన్న ఊహల్లో తేలిపోయి, చివర్లో చతికిలబడేవాడు. “మా బావ దాదాపు గెలిచాడర్రా!” అని బావగారు ప్రతి విందులోనూ చెప్పేవారు. ఇప్పుడు చిన్నపిల్లలు కూడా ‘దాదాపు మావయ్య’ అంటున్నారు. వచ్చే వారం బావగారికి దూరప్రాంతానికి బదిలీ. ఈరోజు గెలవకపోతే ఆ పేరు ఇక జన్మకు వదలదు.

“ఈసారైనా పగటికలలు మానేసి ఆడండి,” అంది భార్య, చొక్కాకు గుండీ కుడుతూ. “మీరు గెలవడం ఈ కళ్ళతో చూడాలి నేను.”

“చూద్దువుగానిలే.”

పోటీ ఒక బడి హాల్లో. కిటికీల్లోంచి మెత్తటి ఎండ బల్లల మీద పడుతోంది. బల్లకొకటి చొప్పున పాతకాలపు జంట గడియారాలున్నాయి. ఆటగాడికి ఇచ్చిన సమయం అయిపోతే, అతని వైపున్న చిన్న ఎర్ర జెండా పడిపోతుంది. ఆట పోయినట్టే. ఆ గడియారాలన్నింటికీ నూనె వేసి, సరిచేసి ఇచ్చింది మన గడియారాలాయనే.

మధ్యాహ్నానికి బావగారి దగ్గర మిగిలింది రాజు, కదలడానికి దారిలేని ఒక బంటు. గడియారాలాయన దగ్గర రెండు ఏనుగులు! ఒక్క ఎత్తు వేస్తే ఆటకట్టు. భార్య వరండా కిటికీ దగ్గర నిలబడి, ‘ఏమైంది?’ అన్నట్టు తలెగరేసింది. ఆయన పళ్ళన్నీ బయటపెట్టి బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆమె చప్పట్లు కొట్టి, కిటికీలోంచి మాయమైంది.

ఆట అయిపోయిందనుకుని ఆమె కేకు కొనడానికి, చుట్టాలను పోగెయ్యడానికి వెళ్ళింది. ఆయనేమో, లోపలికి వస్తోందనుకున్నాడు. ఆమె చూడకుండా గెలిస్తే ఏం బాగుంటుంది? కాసేపు ఆగుదామని ఏనుగును పక్కకు జరిపాడు.

బావగారు రాజును ఒక గడి జరిపారు. ఆయన మళ్ళీ ఏనుగును జరిపాడు. ఆ బంటును కొట్టెయ్యొచ్చు, కానీ పాపం, బావగారి రాజుకు తోడుగా ఉండనీ అని దయతలచాడు. గడియారం టిక్కుటిక్కుమంటోంది. తను నూనె వేసిన గడియారం, ఎంత కమ్మగా కొట్టుకుంటోందో! ఆ చప్పుడుకు కళ్ళు బరువెక్కాయి. ఊహలో, గెలిచిన కప్పును తన గడియారాల కొట్టు అలమారలో పెట్టాడు. గోడల మీది గడియారాలన్నీ ఒక్కసారి గంటలు కొట్టాయి. బావగారు వంగి, “నువ్వు దాదాపు కాదు బావా,” అంటున్నారు. చుట్టూ పిల్లలు, అందరూ ‘గెలిచిన మావయ్యా’ అని పిలుస్తున్నారు. ఎంత బాగుందో ఆ మాట వినడానికి!

“బావా,” నిజం బావగారు మెల్లగా పిలిచారు. “ఇంకెందుకు సాగదీయడం? ఓటమి ఒప్పేసుకుంటాను.” చెయ్యి చాచబోయారు.

గడియారాలాయన ఉలిక్కిపడ్డాడు. “అయ్యయ్యో! ఇప్పుడే వద్దు బావగారూ, కాస్త ఆగండి! మీ చెల్లెలు రానివ్వండి.”

“అదేంటి, నన్ను ఓడిపోనివ్వవా?”

“ఒక్క నిమిషం! ఆవిడ చూడకపోతే ఇంట్లో నమ్మరు.”

“అక్కడ మాటలొద్దు!” అని దూరం నుంచి గద్దించారు పెద్దమనిషి, అంటే పోటీ చూసుకునే ఆయన.

“సరే, నీ ఇష్టం,” అని బావగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చెల్లెలి భర్త ముచ్చట కాదనలేకపోయారు.

వరండాలో ఒక్కసారిగా సందడి. ముందు కేకుతో భార్య, వెనక అత్తగారు, పిన్నులు, పిల్లలు, ఫొటోలు తీసేవాడు. ఆమె కిటికీలోంచి తొంగిచూసింది. గడియారాలాయన గుండె నిండిపోయింది. లేచి నిలబడ్డాడు, ఏనుగును రెండు వేళ్ళతో అందంగా పైకెత్తి, ఫొటోకు వీలుగా కాసేపు గాల్లోనే ఉంచాడు.

టక్.

ఎర్ర జెండా పడింది. పెద్దమనిషి వచ్చి గడియారం చూశారు. “మీ సమయం అయిపోయిందండీ. ఆట బావగారిది. ఎదుట ఆ ఒక్క బంటు కూడా లేకుండా వట్టి రాజే ఉండుంటే డ్రా ఇచ్చేవాణ్ణి.”

ఏనుగు ఇంకా గాల్లోనే ఉంది. “నేనప్పుడే ఓడిపోతానన్నాను కదా బావా!” అన్నారు బావగారు దీనంగా. గెలిచి అంత బాధపడిన మనిషిని అక్కడెవరూ ఎరగరు.

“ఏమైందండీ?” అంది భార్య, కేకు పట్టుకునే.

గడియారాలాయన చొక్కా జేబులోంచి తన వాచీ తీసి, బల్ల మీది గడియారం పక్కన పెట్టి, రెండింటినీ పోల్చి చూశాడు. చూసి, ఆ దుఃఖంలోనే తల ఊపాడు.

గడియారం మాత్రం దాదాపుగా కాదు, ఖచ్చితంగా పనిచేసింది.