పదిహేడో నంబరు పావురం

పది గంటలకు పన్నుల అధికారిణి వచ్చేలోపు పదకొండు పావురాలను మాయం చేయాలి. కళ్లద్దాల దుకాణం నడిపే పెద్దమనిషి ఆ ఉదయం వేసుకున్న పథకం అంతే. మేడ మీద ఆయన చేసే పావురాల పెంపకం వ్యాపారమని తేలితే, నాలుగేళ్ల నష్టాన్ని దుకాణం ఆదాయంలోంచి తగ్గించి చూపినది చెల్లుతుంది. సరదా అని తేలితే ఇన్నాళ్లూ మిగుల్చుకున్న పన్నంతా తిరిగి కట్టాలి. చిక్కల్లా ఏమిటంటే, ఆ పదకొండూ ఎప్పుడో అమ్మేసినవి. కొన్నవాళ్లు బయటికి వదలగానే పుట్టిన గూటికి వచ్చేశాయి. అవి కంటపడితే అమ్మకాల రసీదులన్నీ దొంగవంటారు.

"సాయంత్రం దాకా మీ ఇంట్లో ఉంచు. ఎందుకని అడక్కు," అంటూ పావురాల బుట్టను బావమరిది స్కూటరుకు కట్టి పంపేశాడు.

అధికారిణి సరిగ్గా పదింటికి మేడెక్కింది.

"ఎన్ని ఉన్నాయండీ?"

"తొమ్మిది మేడం. మిగతావి అమ్మేశాను. ఇవిగో రసీదులు."

ఆమె తల ఊపుతుండగానే ఒక పావురం వచ్చి పిట్టగోడ మీద వాలింది.

"ఇదెవరిది?"

"పక్కింటివాళ్లది."

మరో నాలుగు వాలాయి. "పక్కింటివాళ్లు వాటి కాళ్లకి మీ నంబర్లు తొడుగుతారా?" అంటూ ఆమె రసీదులు తిరగేసింది. కాసేపటికి పదకొండూ హాజరు వేయించుకోవడానికి వచ్చినట్టు వరసగా కూర్చున్నాయి.

వాటి వెనకే బావమరిది రొప్పుతూ వచ్చాడు. "బావా, ఊపిరాడదేమోనని మూత కాస్త తీశాను. అన్నీ ఎగిరిపోయాయి. వాటి డబ్బు నేనిచ్చుకుంటాలే." ఆ మాటతో కళ్లద్దాలాయనకు తల కొట్టేసినట్టయింది.

"పదిహేడో నంబరు మూడుసార్లు అమ్ముడైంది," అంది అధికారిణి. "మూడుసార్లూ ఒకాయనే కొన్నాడు."

"రిటైరైన పోస్టుమాన్ మేడం. పక్షిని పోగొట్టుకున్నానని నా దగ్గరికే వచ్చి బాధపడ్డాడు. పోనీ ఇంకోటి తీసుకోండని... దాన్నే ఇచ్చాను."

"నంబరు చూసుకోలేదా?"

"ఆయనకి చూపు సరిగ్గా ఆనదు."

"కళ్లద్దాలు లేవా?"

"నేనే ఇచ్చాను మేడం."

బావమరిది ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కళ్లద్దాలాయనకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "ఇదంతా సరదాయే మేడం. అలాగే రాసేయండి. పన్నంతా కట్టేస్తాను," అని బతిమాలాడు.

"సరదాకి పెంచేవాళ్లకి ఇంత బుర్ర పనిచేయదండీ," అంటూ ఆమె కలం తీసింది. "ఇది అచ్చంగా వ్యాపారమే. నష్టం చెల్లుతుంది. ఆ పోస్టుమాన్ డబ్బు మాత్రం ఆయనకి తిరిగిచ్చేయండి."

నాలుగేళ్లుగా కోరుకున్న మాట కాగితం మీద పడుతుంటే ఆయన తలెత్తి చూడలేకపోయాడు. ఆ మధ్యాహ్నమే పోస్టుమాన్ ఇంటికి వెళ్లి, డబ్బు చేతిలో పెట్టి, ఉన్నదంతా చెప్పేశాడు.

ముసలాయన నిదానంగా విన్నాడు. "పోనీలెండి. ఏ పిల్లి నోట పడిందోనని మూడుసార్లూ బెంగపెట్టుకున్నాను. క్షేమంగానే ఉంది కదా, అంతే చాలు," అన్నాడు.

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనుకుంటూ మెట్లు దిగాడు వ్యాపారి.