చెవి మేస్త్రి ఆన్‌లైన్ పాఠాలు

అయ్యలారా, అమ్మలారా! ఆన్‌లైన్ కోర్సు మానవజాతికి దక్కిన మహా వరం. కాదన్నవాడితో కలియబడడానికి నేను సిద్ధం. టైమూ, చోటూ వాడినే చెప్పమనండి!

ఒకప్పుడు పని నేర్చుకోవడమంటే ఎంత నరకం! పొద్దున్నే దుకాణానికి పోయి చీపురు పట్టాలి. స్పానర్ అడిగితే స్క్రూడ్రైవర్ అందించి తిట్లు తినాలి. ఆర్నెల్లు తిట్లు తిన్నాక ఒక నట్టు బిగించనిచ్చేవారు. బిగించాక, అలాగేనా బిగించేదని మళ్లీ తిట్లు. ఇదొక చదువా?

మరి ఇప్పుడో? మంచం మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద ఫోన్ నిలబెట్టుకుని, వడ్రంగం దగ్గర్నుంచి వంతెనలు కట్టడం దాకా ఏదైనా నేర్చుకోవచ్చు. గురువుగారు సాగదీస్తున్నాడా, వేలితో ఒక్క తోపు తోస్తే ఆయన రెండు నిమిషాలు ముందుకెళ్లి పడతాడు. గురువుని వేలితో తోసే అధికారం ఏ యుగంలో ఏ శిష్యుడికి దక్కింది చెప్పండి!

నేర్పేవాడికీ సుఖమే. ఒక ఫోను, ఒక కిటికీ, మొహమాటం లేని ఒక మేనకోడలు. ఈ మూడూ ఉంటే విశ్వవిద్యాలయం తయారు! నమ్మకపోతే మా వీధి చివర కుట్టుమిషన్లు బాగుచేసే చెవి మేస్త్రి సంగతి వినండి.

ఆయనకా పేరు ఊరికే రాలేదు. మిషన్ తెచ్చి ముందు పెడితే విప్పడు. చక్రం తిప్పమంటాడు. కళ్లు మూసుకుని, తల కాస్త పక్కకి వంచి వింటాడు. "సూది మొద్దుబారింది" అంటాడు. లేదా "షటిల్లో దారప్పోగు ఇరుక్కుంది" అంటాడు. విప్పి చూస్తే అదే ఉంటుంది. నలభై ఏళ్లలో తప్పింది రెండుసార్లే. ఆ రెండుసార్లూ మిషన్‌దే తప్పని ఇప్పటికీ వాదిస్తాడు.

అలాంటి చెవులకే తెగులు పట్టుకుంది. ఎడమది ఎప్పుడో మూతపడింది. కుడిది దారిలో ఉంది. చెవుల డాక్టరు దీపం వేసి లోపలికి చూసి, "సన్నటి చప్పుళ్లు ముందు పోతాయి. మిగతావి తర్వాత" అన్నాడు.

"ఎప్పటికి పోతాయండీ?"

"అది చెప్పలేం."

చెవుడు వస్తుందని మేస్త్రికి అంత బెంగ లేదు. నలభై ఏళ్లుగా చెవిలో పోగేసుకున్న చప్పుళ్లు ఎవరి చెవిలోనూ పడకుండా తనతోపాటే మూతపడిపోతాయే అని బెంగ. మొద్దు సూది గుడ్డలోకి దిగేటప్పుడు "టప్పు" మంటుంది. మంచి సూది అలా అనదు. ఈ ముక్క కాగితం మీద రాసిస్తే ఎవడికి ఉపయోగం? వినాలి. పక్కన కూర్చుని వందసార్లు వినాలి. కూర్చునేవాడేడీ?

అప్పుడు రంగంలోకి దిగింది మేనకోడలు. ఆ పిల్ల 'వారం రోజుల్లో మీ కోర్సు' అనే కోర్సు నాలుగు రోజుల్లో పూర్తిచేసిన మేధావి.

"మావయ్యా, కూర్చునేవాళ్లు లేకపోతే ఏం? పడుకునేవాళ్లు లక్షమంది ఉన్నారు. కోర్సు పెట్టు!"

"నాకు మాట్లాడడం రాదే."

"రాకపోతేనే మంచిది. సహజంగా ఉంటుంది."

బడ్జెట్ అంటారా, ఇంట్లో ఏముంటే అదే. ఇస్త్రీ బల్లని నిలువుగా లేపి, ప్యాంట్లకి వేసే ఎలాస్టిక్‌తో ఫోన్‌ని దానికి కట్టారు. కిటికీకి తెల్ల దుప్పటి వేలాడదీస్తే స్టూడియో లైటింగ్ వచ్చేసింది. బయటి రొద వినపడకుండా గోడల చుట్టూ పరుపులు నిలబెట్టారు. ఫ్యాన్ ఆపేశారు. మేస్త్రి భార్య తలుపు తోసుకుని వచ్చి చూసి నిర్ఘాంతపోయింది.

"పరుపులన్నీ ఇక్కడే ఉంటే మేమెక్కడ పడుకోవాలే?"

"లాంచ్ అయ్యేదాకా చాపల మీద పడుకో అత్తయ్యా. పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఇలాగే మొదలయ్యాయి."

"వాళ్ల పెళ్లాలకి కూడా నడుం నొప్పులు వచ్చే ఉంటాయిలే" అని ఆవిడ చాప కోసం వెళ్లింది.

మేస్త్రి మిషన్ ముందు చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

"మావయ్యా, మొదటి అయిదు సెకన్లలోనే జనాన్ని పట్టేసుకోవాలి."

"పట్టుకోడానికి వాళ్లేమైనా దొంగలా? చూస్తే చూస్తారు, లేకపోతే పోతారు."

"అబ్బ! కాస్త నవ్వు మావయ్యా!"

"మిషన్ చెడిపోయి ఉంటే నవ్వుతానేమే?"

ఇలా తిట్టుకుంటూనే ఇరవై అయిదు పాఠాలు తీశారు. ఒక్కో పాఠానికి ఒక్కో రోగం. మేస్త్రి తన చేత్తోనే కింది దారం ఉండే బాబిన్ కేసు వదులు చేసేవాడు, నూనె తుడిచేసి మిషన్‌ని ఎండగట్టేవాడు, ఏరికోరి మొద్దు సూది పెట్టేవాడు. చక్రం తిప్పి, "విన్నారా? ఇదీ! మళ్లీ వినండి" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూడాలి. పసిబిడ్డని ఎవరి చేతుల్లోనో పెడుతున్నట్టు ఉండేది.

ఎడిటింగ్ అంతా మేనకోడలి ఫోన్‌లోనే. ఊరికే దొరికిన ఒక యాప్‌లో 'చప్పుడు శుభ్రం' అని ఒక బటన్ ఉంది. పక్కింటివాళ్లు గోడకి డ్రిల్లింగ్ చేస్తున్న రొద రెండు మూడు పాఠాల్లో పడిందని పిల్ల దాన్ని నొక్కింది. ఆహా, ఏమి చమత్కారం! డ్రిల్లింగ్ మాయం! మావయ్య గొంతు గంట కొట్టినట్టు వచ్చింది. ఇంత బాగుందే అని, మిగతా పాఠాలకి కూడా నొక్కేసింది. కష్టపడేవాళ్లు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి లెండి, ఒకటి చేస్తే ఇరవై అయిదు అవుతాయి.

మర్నాడు మొదటి పాఠం మేస్త్రికి చూపించింది. తెర మీద ఆయన చెయ్యి చక్రాన్ని తిప్పుతోంది. సూది గుడ్డలో దిగుతోంది, లేస్తోంది. "విన్నారా? ఇదీ!" అంటోంది ఆయన గొంతు.

ఏమీ వినపడలేదు.

మేస్త్రి ఫోన్‌ని కుడి చెవికి ఆనించుకున్నాడు. తన మాట స్పష్టంగా వినపడుతోంది. మిషన్ మాత్రం మూగగా తిరుగుతోంది. సన్నటి చప్పుళ్లు ముందు పోతాయన్న డాక్టరు మాట గుండెలో గుచ్చుకుంది. అయిపోయింది. కుడి చెవి కూడా పోయింది!

"ఎలా ఉంది మావయ్యా?"

"బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు మేస్త్రి. లేచి వెళ్లి మిషన్ మీద దుప్పటి కప్పేశాడు.

ఆ రోజు నుంచి దుకాణం తియ్యలేదు. తీస్తే ఎవరో మిషన్ తెస్తారు. చక్రం తిరుగుతుంది. వినపడదు. ఆ సంగతి తేల్చుకోవడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

"ఏమండీ, దుకాణం తియ్యరా?" అంది భార్య.

"మోకాలు నొప్పి."

"నిన్న కుడి మోకాలన్నారు. ఇవాళ ఎడమది పట్టుకున్నారేం?"

"అటూ ఇటూ తిరుగుతోంది."

ఈలోగా లాంచ్ జరిగిపోయింది. మేనకోడలు చుట్టాల గ్రూపులోనూ, అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ, ఎవరిదో తెలియని బరువు తగ్గే గ్రూపులోనూ లింకు పెట్టింది. పూర్తిచేసినవారికి మేస్త్రి సంతకంతో సర్టిఫికెట్ అంది. సర్టిఫికెట్ అన్న మాట వింటే మన జనం నిద్రలో కూడా లేచి కూర్చుంటారు కదా! చేరారు. రెట్టింపు వేగంతో చూశారు. కొందరు పాఠాన్ని ఆన్ చేసి స్నానానికి పోయారు. పది రోజుల్లో రెండు వందల పన్నెండు మంది నిష్ణాతులు తయారయ్యారు!

అయిదేసి నక్షత్రాల వాన కురిసింది. 'మేస్త్రిగారి గొంతు చాలా క్లియర్' అన్నారొకరు. కుట్టుమిషన్ అంటూ లేని ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, 'చాలా ప్రశాంతంగా ఉంది. రోజూ నిద్రపోయే ముందు వింటున్నాను' అని రాశారు. ఒక్కరూ, ఆ రెండు వందల పన్నెండు మందిలో ఒక్కరంటే ఒక్కరూ, అయ్యా చప్పుడేదీ అని అడగలేదు.

పదకొండో రోజున మేనకోడలు ఏడుపు మొహంతో వచ్చింది.

"మావయ్యా, ఎవరో ఒక్క నక్షత్రం పెట్టారు. మొత్తం రేటింగ్ పడగొట్టేశారు."

"ఏమని రాశారే?"

"బట్టల ఫ్యాక్టరీలో కుట్టే ఆవిడట. 'మేస్త్రిగారూ, మొదటి పాఠం పదకొండుసార్లు చూశాను. విన్నారా అంటారు, ఏమీ వినపడదు. మిషన్ చప్పుడు లేకుండా మిషన్ పాఠమేమిటండీ? మాకు చెవులు లేవనుకున్నారా, మీకు లేవా?' అని. చూడు ఎంత పొగరో!"

మేస్త్రి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి, "మళ్లీ చదువు" అన్నాడు.

చదివింది.

ఆయన లేచాడు. రెండు మోకాళ్ల నొప్పులూ ఎటుపోయాయో, ఒక్క అంగలో మిషన్ దగ్గరికి వెళ్లి దుప్పటి లాగేశాడు. చక్రం మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఆగి, తిప్పాడు.

టప్పు. టప్పు. టప్పు.

"వినపడుతోందే!" అని వీధి దద్దరిల్లేలా అరిచాడు. "నా చెవి పోలేదే! ఒక్క నక్షత్రం పెట్టిన ఆ మహాతల్లి ఎవరే? ముందు ఆవిణ్ణి పిలిపించు!"

మేనకోడలికి అప్పుడు అర్థమైంది తను నొక్కిన బటన్ ఏం చేసిందో. పాపం, ఆ పిల్ల చేతులు ముడుచుకుని కూర్చోలేదు. లెంపలు వేసుకుని, పాత పాఠాలు తీసేసి, చప్పుళ్లతో ఉన్న అసలు పాఠాలు ఎక్కించింది. గంటలో ఆ కోర్సు పెట్టిన వెబ్‌సైటు నుంచి కబురొచ్చింది. 'మీ పాఠాల్లో అనవసరమైన చప్పుడు ఎక్కువగా ఉన్నది. శుభ్రం చేసి పంపగలరు.' ఆ చప్పుడే పాఠమని రాస్తే, 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము' అన్నారు. మళ్లీ రాస్తే మళ్లీ చింతించారు. ఇంత చింతించే సంస్థని నేను చూడలేదు!

ఇక్కడ కూడా మీరు ఆన్‌లైన్ కోర్సునే మెచ్చుకోవాలి. అది రాకపోతే ఆ ఫ్యాక్టరీ ఆవిడ మేస్త్రి దుకాణానికి వచ్చేదా? మేస్త్రి పిలిపించిన దగ్గర్నుంచి సెలవు దొరికినప్పుడల్లా వచ్చేది. మేస్త్రి ఆవిణ్ణి గోడ వైపు తిప్పి కూర్చోబెట్టేవాడు. వెనక తనొక స్క్రూ వదులు చేసి చక్రం తిప్పేవాడు.

"ఏంటది?"

"బెల్టు జారుతోందండీ."

"బెల్టా, నీ తలకాయా? మళ్లీ విను."

"బాబిన్ కేసు!"

"ఆఁ. అదీ. ముందే చెప్పడానికేం?"

అచ్చం పాతకాలపు తిట్లే! చీపురొక్కటే తక్కువ. నాలుగు నెలలు తిరిగేసరికి ఆవిడ గుమ్మంలో చెప్పులు విడుస్తూనే లోపలి మిషన్ రోగం చెప్పేస్తోంది.

అప్పుడే ఆవిడ ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసేవాళ్లు కావాలన్నారు. కుట్టడం మాని రిపేరుకి మారితే నడుం నిలుస్తుంది, జీతమూ పెరుగుతుంది. వెళ్లి అడిగింది.

"సర్టిఫికెట్ ఏది?" అన్నాడు సూపర్‌వైజరు.

ఆవిడ కోర్సు పేజీలో 'నాలుగు శాతం పూర్తి' అని ఉంది. చూసింది ఒక్క పాఠం, మిగతావి శుభ్రం కోసం ఆగిపోయాయి కదా! మేస్త్రి స్వయంగా వెళ్లాడు.

"అయ్యా, ఆ సర్టిఫికెట్ మీద సంతకం నాదే. ఈవిడకి పని వచ్చని కాగితం మీద ఇప్పుడే రాసి అదే సంతకం పెడతాను."

"చేత్తో పెట్టిన సంతకం చెల్లదు పెద్దాయనా. సిస్టమ్‌లోంచి రావాలి. అయినా మీ శిష్యులనే ఇద్దరిని తీసేసుకున్నాం కదా!"

నిజమే. రెండు వందల పన్నెండు మందిలో ఇద్దరు. ఇద్దరి సర్టిఫికెట్లూ ఫ్రేములు కట్టి ఆఫీసు గోడకి వేలాడుతున్నాయి. మేస్త్రి సంతకం అద్దం వెనక మిలమిలలాడుతోంది. ఆ ఇద్దరూ బుద్ధిమంతులే, వాళ్లనేమీ అనకండి. మిషన్ ఆగినప్పుడల్లా కుట్టే వరసల్లోకి పరిగెత్తుకొచ్చి, "అక్కా, ఒక్కసారి వచ్చి విందువు గానీ" అని బతిమాలతారు. అక్క వెళ్లి వింటుంది, చెబుతుంది, మళ్లీ వచ్చి తన కుట్టు తను కుట్టుకుంటుంది. రిపేరు జీతం వాళ్లది, రిపేరు ఆవిడది!

మేస్త్రికి మనసు ఆగలేదు. "పోనీ అమ్మా, ఆ మూగ పాఠాలే తిరిగి పెట్టిస్తాను. ఆన్ చేసి వదిలేయ్. సాయంత్రానికి సర్టిఫికెట్ వచ్చేస్తుంది."

"వద్దండీ మేస్త్రిగారూ. అలాంటివాళ్లు ఇప్పటికే ఇద్దరున్నారు. మూడోదానిగా నేనూ చేరితే ఫ్యాక్టరీ మూతపడుతుంది. అప్పుడు ఉన్న కుట్టుపనీ పోతుంది."

ఇప్పుడు మేస్త్రి కుడి చెవి నిజంగానే సన్నగిల్లింది. దుకాణంలో ఆవిడ చక్రం తిప్పుతుంటే ఆయన మిషన్ మీద అరచెయ్యి ఆనించి, "ఏమంటోంది?" అని అడుగుతాడు. ఆవిడ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెబుతుంది. ఆయన తల ఊపుతాడు. ఒక్కోసారి అలవాటు కొద్దీ తిడతాడు కూడా.

ఇంత జరిగినా నా మాట మాటే. ఆన్‌లైన్ కోర్సు మహా వరం, చదువులోంచి చెమటని తుడిచింది, తిట్లని తుడిచింది, చివరికి పని చప్పుడు కూడా తుడిచేసి మన చేతికి తళతళలాడే సర్టిఫికెట్ ఇచ్చింది. తప్పంతా ఆ మిషన్లదే! ఆ ఫ్యాక్టరీలో మూడు వందల మిషన్లున్నాయి, ఒక్కదానికీ అక్షరం ముక్క రాదు. ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఎదురుగా వేలాడుతున్నా చదువుకోలేక, తెలివితక్కువగా ఆగిపోతున్నాయి. పుణ్యముంటుంది, ఎవరైనా ముందు వాటికొక కోర్సు పెట్టండి!