బుధవారం నాటి సూటు

బుధవారం ఉదయం మీటరాయన అనుకున్న పనుల్లో సూటు లేదు. గడ్డం గీసుకోవాలి, స్నానం చెయ్యాలి, రెండు రొట్టెముక్కలు తిని టీ తాగాలి, ఎనిమిదీ పదికి వచ్చే బస్సు అందుకోవాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆయన పొద్దు ఇంతకంటే ఎక్కువగా ఏమీ కోరలేదు. నీటి సరఫరా ఆఫీసులో, మెట్ల కింద ఉన్న పరీక్ష గదిలో ఆయన ఉద్యోగం. ఇళ్ళ నుంచి విప్పి తెచ్చిన నీటి మీటర్లను ఒక్కొక్కటే బల్లకు బిగించి, నీళ్ళు వదిలి, ముల్లు సరిగ్గా తిరుగుతోందో లేదో చూసి, సీసపు ముద్ర వేసి పంపడం పని. అందుకే అందరికీ ఆయన మీటరాయన. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

చొక్కా కోసం బీరువా తెరిస్తే, ప్లాస్టిక్ సంచీలో వేలాడుతున్న సూటు చేతికి తగిలింది. ముదురు నీలం రంగు. ఆరేళ్ళ కిందట బావగారి పదవీ విరమణ సభ కోసం కుట్టించుకున్నాడు. సభ ఇంకో వారం ఉందనగా బావగారికి ఉద్యోగం రెండేళ్ళు పొడిగించారు. ఆ రెండేళ్ళూ గడిచేసరికి ఆయనకు సభలంటేనే విసుగు పుట్టి, ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా సంచీ సర్దుకుని ఇంటికొచ్చేశాడు. తర్వాత సందర్భాలు రాకపోలేదు. మేనకోడలు పట్టా పుచ్చుకున్న రోజున ఎండ ఎక్కువ. ఆఫీసు వార్షికోత్సవానికి మనుషులు తక్కువ. ఏ రోజు వచ్చినా సూటు ముందు చిన్నబోయేది. అలా ఆరేళ్ళలో ఒక్క రోజు కూడా సూటంత ఎదగలేదు.

ఒక్కసారి వేసుకుని చూసి మళ్ళీ తగిలిద్దామనుకున్నాడు. ఊపిరి కాస్త బిగబడితే ప్యాంటు పట్టింది. కోటుకు ఆ ఇబ్బంది కూడా లేదు. అద్దంలో ఉన్న మనిషి ఎదురుగా వస్తే తానే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాడు. విప్పబోయి, గుండీ మీద చెయ్యి ఆపాడు. ఎందుకు విప్పాలి? కారణం తట్టలేదు. ఎందుకు వేసుకోవాలన్నా కారణం లేదు. కాసేపు అలాగే నిలబడి, చివరికి టై కూడా కట్టుకున్నాడు.

ఆయన భార్య మందుల షాపులో పదహారేళ్ళుగా పనిచేస్తోంది. చీటీలో డాక్టరు రాతను, గుమ్మంలో రోగి ముఖాన్ని ఒకే చూపుతో చదవగలదు. టీ తీసుకుని వచ్చినావిడ గదిలోకి అడుగు పెట్టకుండా ఆగిపోయింది.

"ఎక్కడికి?"

"ఆఫీసుకే."

"ఆఫీసులో ఏముంది ఇవాళ?"

"ఏమీ లేదు. ఊరికే వేసుకోవాలనిపించింది."

ఆవిడ మారు మాట్లాడలేదు. ఇల్లాలు మారు మాట్లాడలేదంటే నమ్మినట్టు కాదని పాతికేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్నాడు గానీ, ఆ పూట ఊపిరి బిగబట్టే పనిలో ఉండి పట్టించుకోలేదు.

ఆయన బస్సెక్కగానే ఆవిడ రక్తపరీక్షల కేంద్రానికి ఫోను చేసింది. అంతకుముందు శుక్రవారం మీటరాయన అక్కడ రక్తం ఇచ్చి వచ్చాడు. నెల్లాళ్ళుగా ఉన్న నీరసానికి కారణం చూద్దామని డాక్టరు రాశాడు. రిపోర్టు సోమవారమే తయారైందనీ, మీ వారే స్వయంగా వచ్చి తీసుకెళ్ళారనీ అక్కడివాళ్ళు చెప్పారు. సోమవారం తెచ్చుకున్న కాగితం గురించి మంగళవారమంతా నోరు విప్పని మనిషి, బుధవారం పొద్దున్నే బతుకులో వేసుకోని సూటు వేసుకుని వెళ్ళాడంటే ఏమనుకోవాలి? చెడ్డ కబురు విన్న మనుషులు ఎలా ఉంటారో ఆవిడకు తెలుసు. కొందరు ఏడుస్తారు. కొందరు ఉన్నట్టుండి శుభ్రంగా తయారవుతారు. ఆ రెండో రకంవాళ్ళను చూస్తేనే ఆవిడకు ఎక్కువ భయం.

వెంటనే ఆడపడుచుకు ఫోను చేసింది. మీటరాయన అక్క హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. తమ్ముడు తనకు కూడా ఏమీ చెప్పలేదన్న సంగతే ఆవిడకు పెద్ద రుజువు. "చిన్నప్పుడూ అంతే. జ్వరం వస్తే దుప్పటి కింద దాచుకునేవాడు. నువ్వు కదలకు, వస్తున్నా" అని, కుటుంబంలో అందరి వైద్య కాగితాలూ ఉన్న లావుపాటి ఫైలు చంకన పెట్టుకుని బయల్దేరింది.

ఇదేమీ తెలియని మీటరాయన ఆఫీసు మెట్లెక్కుతున్నాడు. ఫిర్యాదులు తీసుకునే కిటికీ వెనక కూర్చునే గుమస్తాను అందరూ గెజిట్ అంటారు. అతని చెవిన పడ్డ మాట ప్రచురణ కాకుండా ఆగదు. ఇంటర్వ్యూకా అని గెజిట్ గొంతు తగ్గించి అడిగాడు. కాదు, ఊరికే వేసుకున్నానన్నాడు మీటరాయన. గెజిట్ తల పంకించి, రహస్యం తన దగ్గర భద్రమన్నాడు. పది నిమిషాల్లో పై అంతస్తుకు కూడా తెలిసింది. ఇంటర్వ్యూ మాట అక్కడ నిలబడలేదు. ఇంటర్వ్యూ ఉన్నవాడు సెలవు పెడతాడు గానీ మీటర్లు బిగించడానికి ఎందుకొస్తాడని ఎవరో అడిగారు. ఆ ప్రశ్నకు తగిన జవాబు ఒక్కటే దొరికింది: తనిఖీ. ప్రధాన కార్యాలయానికి కొత్తగా వచ్చిన పెద్దావిడ, ముందు చెప్పకుండా ఆఫీసులు తనిఖీ చేస్తానని కిందటి వారమే ఉత్తరువు పంపింది. చూడబోయేది పరీక్ష గదే కాబట్టి మీటరాయనకు మాత్రం కబురు అంది ఉంటుంది.

ఆ మాట ఇంజినీరమ్మ దాకా వెళ్ళింది. ఆవిడ ఈ ఆఫీసుకు అధికారై ఏడు నెలలే అయింది. వయసులో మీటరాయన కంటే బాగా చిన్న. మీటరాయనను పిలిపించి, కూర్చోమని, ఇవాళ విశేషమేమిటని మెల్లగా అడిగింది.

"ఏమీ లేదు మేడం."

"నాకు చెప్పొద్దన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదండి. ఊరికే వేసుకున్నాను."

"సరే, అర్థమైంది. మిమ్మల్ని ఇబ్బంది పెట్టను" అంది ఇంజినీరమ్మ. ఆవిడకు ఏమర్థమైందో మీటరాయనకు అర్థం కాలేదు. కిందికి వచ్చి, కోటు చేతులు మడిచి, పదకొండో మీటరు బిగించాడు. ఈ సూటు సంగతి ఇంతమందికి ఎందుకు పట్టిందని తీరిగ్గా ఆలోచించాడు. ఇరవై ఆరేళ్ళు నలిగిన చొక్కాతో వచ్చినప్పుడు, ఏమైనా విశేషమా అని ఒక్కరూ అడగలేదు.

పైన మాత్రం ఆఫీసు తలకిందులవుతోంది. వరండా కడిగారు. కుంటి కుర్చీలు మేడ మీదికి చేరాయి. మూడేళ్ళుగా కిటికీలకు అడ్డంగా ఉన్న కాగితాల కట్టలు తీసేస్తే, ఆ గదికి ఎండ వస్తుందని అందరికీ తెలిసింది. ఇంజినీరమ్మ కళ్ళు చివరికి గుమ్మం పక్కనున్న మంచినీళ్ళ కుళాయి మీద పడ్డాయి. దానికి 'మరమ్మతులో ఉంది' అన్న అట్ట అయిదేళ్ళుగా వేలాడుతోంది. నీటి సరఫరా ఆఫీసులో తాగడానికి నీళ్ళు లేవని పెద్దావిడ రాసుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? పెరట్లో గోతిలో ఉన్న వాల్వు తిప్పమని గెజిట్‌ను పురమాయించింది. ఆ వాల్వు పాతకాలంది, అన్నీ ఎడంవైపు తిప్పితే తెరుచుకుంటాయి, ఇది కుడివైపు తిప్పితే. గెజిట్ బలమంతా పెట్టి ఎడంవైపు తిప్పాడు. పిడి చేతికి ఊడివచ్చింది. దాని వెనకే నీళ్ళు వచ్చాయి.

కడిగిన వరండా రెండోసారి తడిసింది. ఆ వాల్వు మర్మం తెలిసినవాడు ఆఫీసులో ఒక్కడే. కేక వినపడగానే మీటరాయన పెద్ద రెంచి పట్టుకుని పరిగెత్తాడు. గోతి అంచున ఒక్క క్షణం ఆగాడు. కోటు విప్పుదామా అనుకున్నాడు. నీళ్ళు మెట్ల వైపు, పరీక్ష గదిలో వరసగా పేర్చిన మీటర్ల వైపు పోతున్నాయి. అలాగే దిగిపోయాడు.

సరిగ్గా అప్పుడే గేటు ముందు టాక్సీ ఆగింది. అందులోంచి కళ్ళద్దాలూ, చంకలో ఫైలూ, బడిపిల్లల వరసను చూస్తున్నట్టున్న చూపుతో ఒక పెద్దావిడ దిగింది. వెనకే ముఖం పాలిపోయిన మరొకావిడ దిగింది. ఇంజినీరమ్మ పాదాలు మునిగే నీళ్ళలో ఎదురెళ్ళి చేతులు జోడించింది.

"ఇక్కడ అధికారి ఎవరు?" అంది మీటరాయన అక్క.

"నేనే మేడం."

"ఏదీ దాచొద్దు. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

ఇంజినీరమ్మ కాళ్ళ కింద పారుతున్న నీళ్ళ వైపు చూసింది. ఇక దాచి లాభం లేదనుకుంది. "అయిదేళ్ళ నుంచి మేడం."

"అయిదేళ్ళా? మాకు ఒక్క ముక్క చెప్పలేదే."

"పైకి బాగానే కనిపించేది మేడం. లోపలంతా పాడైపోయిందని ఇవాళే బయటపడింది."

అక్క చంకలోని ఫైలును రెండు చేతులా పట్టుకుంది. "బాగుచెయ్యడానికి వీలుందా?"

"యాభై ఏళ్ళు దాటింది కదా మేడం. ఇన్నాళ్ళు పనిచెయ్యడమే గొప్ప. ఇక ఆశ పెట్టుకోకపోవడం మంచిది."

మీటరాయనకు ఆ మధ్యనే యాభై రెండు నిండాయి. వెనకనున్న భార్య తడి మెట్టు మీదే చతికిలబడింది. "ఆయనెక్కడున్నారు?" అని మాత్రం అడగగలిగింది.

గెజిట్ ఊడిన పిడి వెనక దాచుకుని, వినయంగా పెరటి వైపు చూపించాడు. "గోతిలో ఉన్నారండి."

ఆవిడ లేచి పరిగెత్తిన తీరు చూసి, తనిఖీకి వచ్చినవాళ్ళు ఇంత శ్రద్ధ పెడతారా అని ఇంజినీరమ్మ ఆశ్చర్యపోయింది. అందరూ పెరట్లోకి చేరేసరికి నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. గోతిలోంచి ముందు రెంచి, తర్వాత ఒక చెయ్యి, ఆ తర్వాత నెత్తిన నాచుతో మీటరాయన తల పైకొచ్చాయి. టై వీపు మీదికి పోయింది. భార్య ఆయన మణికట్టు పట్టుకుంది. పైకి లాగుతోందని ఆయన అనుకున్నాడు. ఆవిడ నాడి చూస్తోంది.

"రిపోర్టులో ఏముంది?"

"ఏ రిపోర్టు?"

"సోమవారం తెచ్చుకున్నారట కదా."

"అదా. ఏమీ లేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయట. నిద్ర తక్కువైందన్నారు."

"మరి చెప్పలేదేం?"

మీటరాయన గోతి అంచున కూర్చుని ఆలోచించాడు. మోకాళ్ళ మీంచి నీళ్ళు కారుతున్నాయి. "చెప్పడానికి ఏమీ లేదుగా. ఏదైనా ఉంటే చెప్పేవాణ్ణి."

"ఈ సూటో?" అంది అక్క.

"శుక్రవారం నుంచి సోమవారం దాకా భయంగానే ఉందక్కా. తీరా ఏమీ కాలేదు. ఏమీ కాకపోతే ఎవరికి చెప్పుకుంటాం, ఏమని చెప్పుకుంటాం? పొద్దున బీరువాలో ఇది కనబడింది. అప్పుడు ఇదంతా అనుకోలేదులే. ఊరికే వేసుకున్నాను."

భార్య ఆయన నెత్తి మీద నాచు తీసి పక్కన పడేసి, వంకర పోయిన టైని ముందుకు తెచ్చి సరిచేసింది. అక్క మాత్రం చిన్నప్పటి దుప్పటి సంగతి మొదలుపెట్టి, తడి కోటుతో కూర్చుంటే ఇప్పుడు నిజంగానే జ్వరమొస్తుందని గట్టిగా మందలించి, మందలిస్తూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇంజినీరమ్మకు విషయం కాస్త ఆలస్యంగా అందింది. ఈవిడ మీ అక్కగారైతే తనిఖీకి వచ్చేదెవరని అడిగింది. ఏ తనిఖీ అని మీటరాయన ఎదురు అడిగాడు. అందరూ గెజిట్ వైపు చూశారు. జీవితంలో మొదటిసారిగా అతని దగ్గర వార్తలేమీ లేకపోయాయి. ఇంజినీరమ్మ అటు తిరిగి, వెలుతురు నిండిన గదినీ, కడిగిన వరండానూ చాలాసేపు చూసింది. కోపం తెచ్చుకుందామని ప్రయత్నించినట్టే ఉంది. చివరికి, మీటరాయన గోతిలో వాల్వును కుడివైపు తిప్పి వచ్చాడు కదాని, నడుచుకుంటూ వెళ్ళి గుమ్మం పక్కనున్న కుళాయి తిప్పింది. నీళ్ళు వచ్చాయి. దోసిలి పట్టి తాగి, అట్ట ఊడదీసి గెజిట్ చేతికిచ్చింది. ఆ పూటకు మీటరాయనను ఇంటికి పంపించింది.

మర్నాడు సూటు చాకలివాళ్ళ దగ్గర ఉంది. మీటరాయన మామూలు చొక్కా తొడుక్కుని టీ కోసం ఎదురుచూస్తుంటే, భార్య నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని, చెవులకు ఆయన ఎప్పుడూ చూడని పొడుగాటి లోలకులు పెట్టుకుని వచ్చింది. గ్లాసు చేతికిచ్చి, షాపుకు ఆలస్యమవుతోందని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. నిన్నటి అనుభవం ఉన్న మనిషి కాబట్టి ఆయన ఏమీ అడగలేదు. బాగుందన్నాడు. ఆవిడ నవ్వి వెళ్ళిపోయింది.

అడగకుండా ఉండటం ఎంత పెద్ద మనసుతో చెయ్యాల్సిన పనో ఆఫీసుకు వెళ్ళే దాకా ఆయనకు తెలియలేదు. పదింటికి ఒక మీటరు రెండుసార్లు లెక్కపెట్టాడు. పదకొండింటికి ఒక మీటరుకు ముద్ర తలకిందులుగా వేశాడు. పదకొండున్నరకు ఇంజినీరమ్మ దగ్గరకు వెళ్ళి, తలనొప్పిగా ఉంది, మాత్ర కొనుక్కొస్తానని అనుమతి తీసుకుని, భార్య పనిచేసే షాపు వైపు వెళ్ళే బస్సెక్కాడు.

దారిలో తొమ్మిది మందుల షాపులు వచ్చాయి గానీ ఆయన ఎక్కడా దిగలేదు.